నవాహో నేలకు యవనస్థుల పరిచర్య యాత్ర: పిలుపు నుంచి తిరుగు ప్రయాణం వరకు

సంఘంలోని యవనస్థులను వేసవిలో ఒక వారం పాటు అమెరికా ఆదివాసులైన నవాహోల ప్రాంతానికి పరిచర్యకు తీసుకువెళ్లాలని అమెరికాలోని ఒక తెలుగు క్రైస్తవ సంఘం తలపెట్టినప్పుడు, సాధారణంగా మొదట తేదీలు ఖాయమవుతాయి, ఆ వెంటనే టీషర్టులు అచ్చవుతాయి. ఈ రెండింటికీ ముందు జరగవలసిన పని ఒకటుంది. అక్కడి సంఘమొకటి మనల్ని రమ్మని పిలవాలి. పిలవని పేరంటానికి వెళ్లి, వెళ్లిన ఇంట్లో సామాను మనకు నచ్చినట్లు సర్దిపెట్టి వస్తే ఆ ఇంటివారికి ఎలా ఉంటుందో, పిలుపు లేకుండా చేసే పరిచర్య యాత్ర కూడా అలాగే ఉంటుంది. యాత్రను నడిపించబోయే యూత్ లీడర్లను, వారి వెంట వెళ్లే పెద్దలను దృష్టిలో పెట్టుకొని ఈ వివరాలు రాస్తున్నాను.

వెళ్లబోయే చోటు

నవాహో నేషన్ అరిజోనా, న్యూ మెక్సికో, యూటా రాష్ట్రాలలో దాదాపు 27,000 చదరపు మైళ్ల మేర విస్తరించి ఉంది. అంటే వెస్ట్ వర్జీనియా రాష్ట్రం కంటే పెద్దది. దానికి విండో రాక్ రాజధానిగా సొంత ప్రభుత్వం, అధ్యక్షుడు, కౌన్సిల్, న్యాయస్థానాలు, పోలీసు శాఖ ఉన్నాయి. 2020 జనగణన ప్రకారం అక్కడ నివసించేవారు లక్షా అరవై వేలకు పైగా ఉన్నారు. స్థానిక పాలన 110 చాప్టర్లుగా విభజించి ఉంటుంది, ఊరి పెద్దలు కూడి మాట్లాడుకునే చోటును చాప్టర్ హౌస్ అంటారు. ఆ ప్రజలు తమను తాము ‘దినే’ అని పిలుచుకుంటారు, ఆ మాటకు ప్రజలు అనే అర్థం. పిల్లలకు ఈ పేర్లను ముందే పలికించి అలవాటు చేయాలి, లేకపోతే ఇంగ్లీషు అక్షరాలను చూసి ‘నవాజో’ అని చదివేవారు ప్రతి బృందంలోనూ ఇద్దరు ముగ్గురు ఉంటారు. మన పిల్లలకు మాత్రమే వర్తించే చిన్న ఇబ్బంది మరొకటి ఉంది. ‘మేము ఇండియన్లం’ అని వారు అలవాటుగా చెప్పే మాటకు అక్కడ వేరే అర్థం వస్తుంది కనుక, మా అమ్మానాన్నలు ఇండియా దేశం నుంచి వచ్చారు అని పూర్తిగా చెప్పడం నేర్పితే మంచిది. ఆ తికమక మీద నవ్వుకోవడంతోనే చాలాసార్లు స్నేహం మొదలవుతుంది.

బయలుదేరే ముందు కనీసం నాలుగు వారాల పాటు, యూత్ మీటింగులో ఒక గంట చొప్పున, ఆ నేల చరిత్రను పిల్లలకు చెప్పాలి. కిట్ కార్సన్ నడిపిన అమెరికా సైన్యం పంటలను తగలబెట్టి, కాన్యన్ డి షేలోని పీచ్ తోటలను నరికివేసి నవాహోలను లొంగదీసుకుంది. 1864లో మొదలుపెట్టి వేల మందిని మూడు వందల మైళ్లకు పైగా నడిపించి, న్యూ మెక్సికోలోని బోస్కే రెడోండోలో నిర్బంధించింది. ఆకలికి, జబ్బులకు ఎందరో చనిపోయారు. 1868 జూన్ 1న కుదిరిన ఒడంబడికతో మిగిలినవారు సొంత నేలకు తిరిగి వచ్చారు. ఆ ఒడంబడికలోనే ఆరు నుంచి పదహారు ఏళ్ల పిల్లలను బడికి పంపి తీరాలనే నిబంధన కూడా ఉంది. తర్వాతి దశాబ్దాలలో అమెరికా అంతటా ఆదివాసీ పిల్లలను బోర్డింగ్ స్కూళ్లకు తరలించారు, వాటిలో చాలావాటిని క్రైస్తవ మిషన్లే నడిపాయి. అక్కడ పిల్లల జుట్టు కత్తిరించారు, సొంత భాష మాట్లాడితే దండించారు. ఆ బడుల విషయంలో అప్పటి అమెరికా అధ్యక్షుడు జో బైడెన్ 2024 అక్టోబరు 25న క్షమాపణ చెప్పారు.

ఈ చరిత్ర యాత్రకు ఎందుకు అవసరమంటే, చర్చి పేరు రాసి ఉన్న వ్యాను ఊళ్లోకి వచ్చి పిల్లలను పోగుచేసే దృశ్యం అక్కడి అమ్మమ్మలకు, తాతయ్యలకు కొత్తది కాదు. మన యవనస్థుల మనసులో దురుద్దేశం లేకపోయినా, చూసేవారి జ్ఞాపకంలో ఏముందో తెలుసుకొని మెలగడం మన బాధ్యత.

సువార్త మన వ్యానులో అక్కడికి మొదటిసారిగా వెళ్లడం లేదని కూడా వారికి స్పష్టం చేయాలి. ఫ్రాన్సిస్కన్ సన్యాసులు 1898లో సెయింట్ మైఖేల్స్‌లో, ప్రెస్బిటేరియన్లు 1901లో గనాడోలో, క్రిస్టియన్ రిఫార్మ్డ్ సంఘం వారు 1903లో గాలప్ పక్కనున్న రెహోబోతులో పరిచర్య మొదలుపెట్టారు. నవాహో భాషలో సంపూర్ణ బైబిలు 1985లో వెలువడింది. అక్కడి కాపరులలో నవాహోలు ఉన్నారు, తరతరాల విశ్వాస కుటుంబాలు ఉన్నాయి. కాబట్టి ‘చీకటిలో ఉన్నవారికి వెలుగు తీసుకువెళ్తున్నాం’ అనే ధోరణి విరాళాల ఉత్తరంలో గానీ, బయలుదేరే ఆదివారం చేసే ప్రార్థనలో గానీ కనిపించకూడదు. ఆ ప్రార్థన వీడియోను అక్కడి కాపరి కూడా చూస్తారు.

పిలుపు ఎలా వస్తుంది

మీ డినామినేషన్‌కు అక్కడ సంఘాలుంటే ఆ దారిలోనూ, లేకపోతే ఇంతకుముందు వెళ్లివచ్చిన మరొక సంఘం ద్వారానూ ఒక స్థానిక కాపరిని పరిచయం చేసుకోవాలి. వేసవి యాత్రకు ముందటి వేసవిలోనే ఈ పని మొదలుపెట్టడం మేలు. మీ అవసరాలేమిటి అని అడగడం కంటే, మీ సంఘం ఈ ఏడాది ఏయే పనులు పెట్టుకుంది, వాటిలో మా పిల్లలు ఒక చేయి వేయదగినవి ఏవి అని అడగడం మర్యాదగా ఉంటుంది. మొదటి ప్రశ్న వారిని చేయి చాచేవారిగా నిలబెడుతుంది, రెండోది వారి పనికి వారినే యజమానులుగా ఉంచుతుంది. జవాబు ఆలస్యమైతే విసుగు చెందకూడదు. ఫోను సిగ్నలు అందని చోట్లు అక్కడ చాలా ఉన్నాయి, పైగా వేసవి వచ్చిందంటే ఆ కాపరికి మనలాంటి ఉత్తరాలు ఎన్నో వస్తాయి. వద్దని చెప్పినా, ఈ ఏడు కాదని చెప్పినా కృతజ్ఞతతో అంగీకరించి, వేరే కాపరి దగ్గరకు పరుగెత్తకుండా మరుసటి ఏడాది వరకు ఆగడమే సరైన పని అని నా అభిప్రాయం. ప్రతి ఏటా కొత్త ఊరికి వెళ్లే బృందం కంటే, అయిదేళ్లు ఒకే ఊరికి వెళ్లే బృందం వల్లనే ఆ ఊరికి కొంతైనా ఉపయోగం ఉంటుంది.

పిలుపు వచ్చాక ఇద్దరు పెద్దలు వసంతకాలంలో ఒకసారి వెళ్లి, బస చేసే చోటు, పని చేసే చోటు, దగ్గరి ఆసుపత్రి చూసి రావాలి. ఊళ్లో ఇళ్ల దగ్గర పని ఉంటే చాప్టర్ హౌస్‌కు ముందుగా తెలపాలా అని కాపరిని అడిగి, ఆయన చెప్పినట్లు చేయాలి. అక్కడి భూమి అధిక భాగం ట్రస్టు భూమి, అంటే నవాహోల తరఫున అమెరికా ప్రభుత్వం అట్టిపెట్టినది, ఇల్లు కట్టుకోవడానికి హోమ్‌సైట్ లీజు అవసరం. అందువల్ల ఎవరో అడిగారని వారంలో ఒక గది కట్టేసి వద్దామనుకోవడం వారిని చిక్కులలో పెట్టడమే అవుతుంది. బృందం పదిహేను మందికి మించకుండా చూసుకోవడం మంచిది, ఎందుకంటే ఆ మించిన ప్రతి ఒక్కరికీ నీళ్లు, మరుగుదొడ్డి, పడక చూపవలసిన భారం అక్కడి చిన్న సంఘం మీదే పడుతుంది.

పెద్దల విషయంలో మీ సంఘ నియమాలను సడలించకూడదు. వెంట వచ్చే ప్రతి పెద్దకూ నేపథ్య తనిఖీ జరగాలి, ఏ పెద్దా ఏ పిల్లతోనూ ఒంటరిగా ఉండకుండా ఎప్పుడూ ఇద్దరు పెద్దలు ఉండాలి. ఆ నియమం మన పిల్లలకే కాక అక్కడి పిల్లలకు కూడా వర్తిస్తుందని రాసిన కాగితాన్ని అక్కడి కాపరి చేతిలో పెట్టాలి.

చేతిపనులు

ఉపయోగపడే పనులలో ముందుగా చెప్పవలసింది కట్టెలు కొట్టడం. నవాహో నేషన్‌లో ఎన్నో ఇళ్లు చలికాలంలో కట్టెల పొయ్యి మీదే ఆధారపడతాయి. కొందరు బొగ్గు కూడా వాడేవారు, కానీ 2019లో కయెంటా గని, దాని బొగ్గుతో నడిచిన నవాహో విద్యుత్ కేంద్రం మూతపడ్డాక బొగ్గు దొరకడం కష్టమైంది. ఏడు వేల అడుగుల ఎత్తున మంచు పడే చోట ఒంటరిగా ఉండే ముసలమ్మకు జులైలో కొట్టి పేర్చిపెట్టిన కట్టెలు జనవరిలో ఎంత విలువైనవో వేరే చెప్పనక్కర లేదు. అడవిలో కట్టెలు తెచ్చుకోవడానికి అనుమతి పత్రం కావాలి, దానిని కాపరి లేదా ఆ కుటుంబం తీసుకుంటుంది. మోటారు రంపం పెద్దల చేతిలోనే ఉండాలి, పిల్లలు మోయడం, పేర్చడం చేస్తే చాలు. కట్టెల తర్వాత చక్రాల కుర్చీ ఎక్కే ర్యాంపు, కారుతున్న పైకప్పు, చర్చికి రంగు వంటివి వస్తాయి. పోయిన ఏడాది వచ్చిన బృందం వేసిన రంగు మీదే ఈ ఏడాది బృందం మళ్లీ రంగు వేసే దుస్థితి కొన్ని మిషన్ ప్రాంగణాలలో ఉంటుంది. కాపరి ఇవ్వని పనిని మన తృప్తి కోసం కల్పించుకోకూడదు.

పాత కొట్టు లేదా మూసి ఉంచిన గది శుభ్రం చేసే పని అప్పగిస్తే అక్కడ మాత్రం చాలా జాగ్రత్త అవసరం. 1993లో అరిజోనా, న్యూ మెక్సికో, యూటా, కొలరాడో రాష్ట్రాలు కలిసే ఈ కూడలి ప్రాంతంలోనే హాంటావైరస్ ఊపిరితిత్తుల జబ్బును మొదటిసారి గుర్తించారు. డీర్ మౌస్ అనే ఎలుక మూత్రం, పెంటికలు ఎండి దుమ్ములో కలిసినప్పుడు ఆ దుమ్మును పీల్చడం వల్ల అది సోకుతుంది. ఊపిరి ఆడని స్థితికి చేరినవారిలో మూడో వంతుకు పైగా చనిపోతారు. కాబట్టి ఎలుక పెంటికలు కనబడిన గదిని చీపురుతో ఊడ్వకూడదు, వాక్యూమ్ పెట్టకూడదు. ముందు తలుపులు, కిటికీలు తెరిచి అరగంట బయట ఉండాలి. తర్వాత చేతి తొడుగులు వేసుకొని, ఒక వంతు బ్లీచుకు తొమ్మిది వంతుల నీళ్లు కలిపి, ఆ చోటంతా తడిసేలా చల్లి, కనీసం అయిదు నిమిషాలు నానిన తర్వాత కాగితంతో తుడిచి సంచిలో కట్టి పారవేయాలి. ఈ పనిని పెద్దలే చేయాలి. లక్షణాలు ఎనిమిది వారాల వరకు ఎప్పుడైనా బయటపడవచ్చు కనుక, ఇంటికి వచ్చాక జ్వరం, ఒళ్లునొప్పులు వస్తే ఎక్కడికి వెళ్లివచ్చారో డాక్టరుకు చెప్పాలని తల్లిదండ్రులకు కాగితం మీద రాసి ఇవ్వండి.

నీళ్లు

నవాహో నేషన్‌లో దాదాపు మూడో వంతు ఇళ్లకు కుళాయి నీళ్లు లేవు. ఆ కుటుంబాలు పికప్ ట్రక్కులో డ్రమ్ములు వేసుకొని, మైళ్ల దూరం పోయి నీళ్లు తెచ్చుకుంటాయి. మన పిల్లవాడు పది నిమిషాలు స్నానం చేస్తే ఖర్చయ్యేది ఎవరో తోలి తెచ్చిన నీళ్లు కావచ్చు. అందుకని స్నానం రోజు విడిచి రోజు, అదీ రెండు నిమిషాలలో ముగించడం, పేపరు పళ్లాలకు బదులు గిన్నెలు వాడినా వాటిని తొట్టిలో నీళ్లు పట్టి కడగడం వంటి నియమాలను ఇంటి దగ్గరే అలవాటు చేయాలి. తాగే నీటిని నవాహో నేషన్ సరిహద్దున ఉన్న ఊళ్లలోనే కొని తీసుకువెళ్లాలి.

దారిలో గాలిమరల కింద పశువుల తొట్టెలు కనిపిస్తాయి, వాటి నీరు తాగరాదు. 1944 నుంచి 1986 వరకు నవాహో నేల నుంచి దాదాపు మూడు కోట్ల టన్నుల యురేనియం ఖనిజం తవ్వారు. విడిచిపెట్టిన గనులు అయిదు వందలకు పైగా ఉన్నాయి, కొన్ని బావులలో యురేనియం, ఆర్సెనిక్ ఎక్కువగా ఉన్నట్లు తేలింది. కంచె వేసి హెచ్చరిక రాసిన చోటికి పిల్లలను ఆడుకోవడానికి వెళ్లనీయకండి.

వి.బి.ఎస్. నడిపేటప్పుడు

వెకేషన్ బైబిల్ స్కూల్ నడపమని కాపరి అడిగితే, కొన్న పాఠాల పెట్టెను ఆయనకు ముందే పంపి చూపించాలి. ఇందులో మనకు తట్టని చిక్కులున్నాయి. నవాహో సంప్రదాయంలో గుడ్లగూబ మరణవార్తను తెచ్చే పక్షి. మన పాఠ్య పుస్తకాలలో కళ్లద్దాలు పెట్టుకొని బైబిలు చదివే గుడ్లగూబ బొమ్మలు కొల్లలుగా ఉంటాయి. పాముల బొమ్మలు, అస్థిపంజరాలు, సమాధి దృశ్యాల నాటకాలు కూడా అటువంటివే. దారంతో వేళ్ల మీద ఆడే ఆటలు, నక్కలాంటి కోయోటే అనే జంతువు కథలు చలికాలానికే పరిమితం, వేసవిలో వాటిని ముట్టుకోరు. క్రైస్తవులైన కుటుంబాలలో కొందరు వీటిని పట్టించుకోకపోవచ్చు, కొందరు పట్టించుకోవచ్చు. ఎవరు ఏ పక్షమో తేల్చే పని మనది కాదు, కాబట్టి తీసేయగలిగినవి తీసేయడమే సులువు.

సంప్రదాయ ఆచారాల గురించి మన పిల్లలు ప్రశ్నలు వేయకూడదు, వాటిని సాతాను క్రియలని పాఠంలో అనకూడదు. ఒకే ఇంట్లో ఒకరు చర్చికి, ఒకరు హతాలీ అనే వైద్య గాయకుని దగ్గరకు వెళ్లే కుటుంబాలు ఉంటాయి, మనం వారం తర్వాత వెళ్లిపోయాక ఆ ఇంట్లో కలిసి బతకవలసింది వారే.

మిఠాయిలు, కూల్ డ్రింకులు బహుమతులుగా పంచడం మానుకోండి. మధుమేహం అక్కడ ఎంత తీవ్రమైన సమస్య అంటే, నవాహో నేషన్ 2014లో చిరుతిళ్ల మీద, తీపి పానీయాల మీద రెండు శాతం పన్ను విధించే చట్టం చేసింది. పండ్లు ఇస్తే ఇంటివారు సంతోషిస్తారు. పాత బట్టల మూటలు కూడా వద్దు, వాటిని విడదీసి పారవేసే పని చివరికి కాపరి భార్య మీద పడుతుంది.

మన్నన

అక్కడ పరిచయం వంశంతో మొదలవుతుంది. తల్లి వంశం, తండ్రి వంశం, తల్లి తండ్రి వంశం, తండ్రి తండ్రి వంశం అని నాలుగింటినీ చెప్పుకుంటారు. బిడ్డ తల్లి వంశానికి చెందుతుంది, ఒకే వంశం వారు పెళ్లాడరు. వేరే ఊళ్లో ఎదురైన కొత్త మనిషిది తమ వంశమే అయితే అక్కడికక్కడే అక్కాచెల్లెళ్లు, అన్నదమ్ములు అవుతారు. ఇంటిపేర్లు, వరసలు కలుపుకోవడం తెలిసిన మన పిల్లలకు దీనిని అర్థం చేసుకోవడం కష్టం కాదు. తమ పేరు, ఊరు, అమ్మ తరఫువారు, నాన్న తరఫువారు ఎక్కడివారో రెండు మూడు వాక్యాలలో చెప్పుకోవడం ప్రతి ఒక్కరికీ నేర్పితే, ‘హాయ్’ అని చేయి ఊపడం కంటే ఎంతో గౌరవంగా ఉంటుంది. ‘యాఅతెహ్’ అని పలకరించడం, ‘అహెహె’ అని కృతజ్ఞత చెప్పడం కూడా నేర్పండి, ఉచ్చారణను అక్కడి పెద్దలు సంతోషంగా సరిదిద్దుతారు.

కరచాలనం మెత్తగా ఉంటుంది, గట్టిగా నొక్కకూడదు. పెద్దల కళ్లలోకి తేరిపార చూడకపోవడం అక్కడ మర్యాద. మాటల మధ్య మౌనం వస్తే దానిని నింపడానికి తొందరపడవద్దు. ఎవరి ఇంటికైనా వెళ్లినప్పుడు వాహనంలోనే కాసేపు ఆగి, వారు బయటికి వచ్చాక దిగడం పాత పద్ధతి. హోగన్ అనే సంప్రదాయ గృహానికి వాకిలి తూర్పు వైపు ఉంటుంది, లోపల సూర్యుడు తిరిగే దిశలో నడుస్తారు. పాడుపడిన హోగన్ కనబడితే అందులోకి వెళ్లకూడదు, అక్కడ ఎవరైనా చనిపోయి ఉండవచ్చు. పాత కుండపెంకులను తీసి జేబులో వేసుకోవడం మర్యాద తప్పడమే కాదు, 1979 నాటి సమాఖ్య చట్టం ప్రకారం నేరం కూడా. ఫోటో తీసే ముందు అడగాలి. పిల్లల ముఖాలున్న ఫోటోలను వారి తల్లిదండ్రుల అనుమతి లేకుండా ఎక్కడా పెట్టకూడదు. వారం పాటు ఫోన్లు ఉదయమే సేకరించి సాయంత్రం ఇచ్చే నియమం పెడితే ఈ గొడవ చాలావరకు ఉండదు, పిల్లలు మొదటి రోజు మాత్రమే సణుగుతారు.

ప్రయాణం

వేసవిలో గడియారాన్ని గంట ముందుకు జరిపే పద్ధతిని నవాహో నేషన్ పాటిస్తుంది, చుట్టూ ఉన్న అరిజోనా పాటించదు, నవాహో నేల మధ్యలో ఉన్న హోపీ అనే మరో ఆదివాసీ ప్రజల ప్రాంతం కూడా పాటించదు. ఫీనిక్స్ నుంచి వచ్చే బృందం ఈ గంట తేడాను మరచి ఆదివారం ఆరాధనకు ఆలస్యమవుతుంది, ఫోను గడియారమూ సరిహద్దుల దగ్గర తడబడుతుంది. గోడ గడియారం ఒకటి వెంట తీసుకువెళ్లండి. మద్యం అమ్మడమే కాదు, దగ్గర ఉంచుకోవడం కూడా నవాహో చట్టం ప్రకారం నిషిద్ధం. డ్రోను తీసుకువెళ్లకండి.

మట్టిరోడ్లు ఎక్కువ. జులై, ఆగస్టు నెలలలో మధ్యాహ్నపు వానకు బంకమన్ను జారుడుబల్లలా మారుతుంది, ఎండిపోయి ఉన్న వాగులోకి ఎక్కడో పడిన వాన నీరు ఒక్కసారిగా దూసుకొస్తుంది. వాగు పారుతుంటే వ్యాను ఆపి నీరు తగ్గేవరకు ఆగాలి. గొర్రెలు, గుర్రాలు రోడ్డు మీదికి వస్తాయి కనుక చీకటి పడ్డాక నడపకుండా కార్యక్రమం వేసుకోవాలి. గాలప్, ఫార్మింగ్టన్, పేజ్ వంటి ఊళ్లలోనే పెట్రోలు నింపుకోవాలి. ఎత్తు వల్ల మొదటి రోజు తలనొప్పి రావచ్చు, పగలు ఎండ మండినా రాత్రికి స్వెటరు కావాలి. ఊరి కుక్కలను ముద్దు చేయవద్దని గట్టిగా చెప్పండి. అక్కడి ఇండియన్ హెల్త్ సర్వీస్ ఆసుపత్రులు ప్రధానంగా ఆదివాసీ ప్రజలకు ఉద్దేశించినవి, కాబట్టి ప్రతి పిల్లవాడి బీమా కార్డు నకలు, తల్లిదండ్రులు సంతకం చేసిన వైద్య అనుమతి పత్రం ఒక ఫైలులో ఉంచుకొని, సరిహద్దు ఊళ్లలో ఏ ఆసుపత్రికి వెళ్లాలో ముందే చూసుకోవాలి.

డబ్బు, తిరిగి వచ్చాక

బస ఉచితమని కాపరి చెప్పినా, నీళ్లు, కరెంటు, గ్యాసు ఖర్చును అంచనా వేసి మొదటి రోజే కవరులో పెట్టి ఇవ్వాలి. చివరి రోజు ఇస్తామంటే ఆ వారమంతా చేతి డబ్బు పెట్టుకొనేది వారే. వంటకు కావలసిన సామానులో కొంత అక్కడి దుకాణంలోనే కొనండి. నగలు, తివాచీలు కొనాలనుకొనేవారు చేసినవారి దగ్గరే కొనాలి, బేరమాడకూడదు. ఒక తివాచీ వెనుక నెలల శ్రమ ఉంటుంది. మన పనిముట్లను విడిచి రావాలనుకుంటే అవి అవసరమేనా అని ముందు అడగాలి.

ఇంటికి వచ్చాక సంఘంలో చేసే నివేదికలో, విరిగిన ఇళ్ల ఫోటోలు చూపించి కన్నీళ్లు తెప్పించే పద్ధతి మానుకోవాలి. తెరమీద వేయబోయే ప్రతి ఫోటోను, చదవబోయే ప్రతి సాక్ష్యాన్ని అక్కడి కాపరికి పంపి, ఆయన తీసేయమన్నవి తీసేయాలి. అక్టోబరులో ఒకసారి ఫోను చేసి, కట్టెలు సరిపోతాయా, ర్యాంపు కదలకుండా ఉందా అని కనుక్కోవాలి. వారి యవనస్థులను మన సంఘానికి పిలిచి, మన ఇళ్లలో ఉంచుకొని, వారి చేత పాటలు పాడించుకునే ఏర్పాటు చేయగలిగితే ఆ ప్రయాణ ఖర్చు కూడా మన బడ్జెటులోనే రాసుకోవాలి. మరుసటి వేసవి తేదీలను మాత్రం, ఆయన రమ్మని చెప్పేవరకు, సంఘ క్యాలెండరులో వేయకండి.